నవ్వించినామెకి మర్సియాలే ఎందుకు?

ఫ్యాన్ అనే ఒక్క మాటకి ఉర్దూలో ఎన్ని మాటలున్నాయో చూడండి. దీవానా, షైదాయీ, ఆషిఖ్, మద్దాహ్, పరస్తార్, ఖద్రదాన్. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి కాదు. దీవానాకి హోష్ ఉండదు. మద్దాహ్ పని పొగడటమే. పరస్తార్ అంటే పూజించేవాడు. పరస్తిష్ ఎవరికి చేయాలో మనకి చిన్నప్పుడే నేర్పారు, ఆ జాబితాలో సినిమా వాళ్లు లేరు. ఖద్రదాన్ వేరు. ఎదుటి మనిషి చేసిన పని విలువ ఎంతో, అది ఎందువల్ల విలువైందో తెలిసినవాడు ఖద్రదాన్. తెలుగులో అభిమాని అంటాం. అభిమానం అంటే ప్రేమ, అభిమానం అంటే ఆత్మగౌరవం కూడా. రెండోది పోగొట్టుకుని మొదటిది నిలబెట్టుకోలేం. కటౌట్ల మీద పాలు పోసే కుర్రాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, నేనూ ఒకామెకి అభిమానినే. పేరు కరోల్ లొంబార్డ్. హాలీవుడ్ నటి. ఆమె చనిపోయేనాటికి మా అబ్బా కూడా పుట్టలేదు. ఇంట్లో ఇది పాత మజాక్. "నా సౌతన్ చచ్చి ఎనభై ఏళ్లు దాటింది, నాకేం ఫికర్ లేదు" అంటుంది మా ఆవిడ. బయటివాళ్లు అంత సులువుగా వదలరు. నలభై దాటిన మనిషివి, పిల్లల తండ్రివి, ఆ గోరీ మేమ్ మీద అంత మొహబ్బత్ ఏంటి మియా అంటారు. ఆ సవాల్‌కి జవాబే ఈ రాత.

నైట్ డెస్కులో పనిచేసే రోజుల్లో చివరి ఎడిషన్ పంపేసి ఇంటికొచ్చేసరికి రాత్రి రెండు దాటేది. వెంటనే నిద్ర పట్టేది కాదు. ఎవరూ లేవకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాత సినిమాలు చూసేవాణ్ణి. ఉర్దూ మీడియంలో చదివినవాడికి అమెరికా వాళ్ల ఇంగ్లీషు అందుకోవడమే కష్టం. అందులో ఈమె మాట్లాడే వేగం రైలు వేగం. సబ్‌టైటిళ్లు చదివేలోపు ఆమె మూడు మాటలు ముందుకెళ్లిపోయేది. అయినా నవ్వొచ్చేది. ముందు ఆమె ముఖం అర్థమయ్యేది, మాట తర్వాత అర్థమయ్యేది. భాష రానివాణ్ణి కూడా నవ్వించగలిగితే అది మామూలు ఫన్ కాదు అనిపించింది. అక్కణ్ణుంచి ఆమె పనిని పట్టించుకుని చూడటం మొదలుపెట్టాను.

ఆమె చేసిన తరహా సినిమాల్ని స్క్రూబాల్ కామెడీ అంటారు. స్క్రూబాల్ అనేది బేస్‌బాల్‌లో ఒక రకం బంతి. ఎటు తిరుగుతుందో ఆడేవాడికి అంతుపట్టదు. మన క్రికెట్ భాషలో గూగ్లీ అనుకోండి. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలి, లక్షల మంది నౌకరీలు పోయి, జనం రొట్టె కోసం బారులు తీరిన కాలం అది. ఆ కాలంలో డబ్బున్నవాళ్ల వెర్రివేషాల్ని ఎగతాళి చేస్తూ, మగాడికి దీటుగా, ఒక్కోసారి మగాడికంటే ముందుగా జవాబిచ్చే ఆడమనిషిని మధ్యలో నిలబెట్టి తీసిన సినిమాలివి. 1934 జూలై నుంచి ప్రొడక్షన్ కోడ్ అనే నిబంధనల్ని హాలీవుడ్ గట్టిగా అమలు చేసింది. పడకగది సంగతులు తెర మీద చూపించడానికి వీల్లేకుండా పోయింది. దాంతో ఇష్కంతా మాటల్లోకి, తగాదాల్లోకి, పరుగుల్లోకి వెళ్లింది. అందుకే ఈ సినిమాల్లో చాలావాటిని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు. అలాగని ఆ కోడ్‌ని తహజీబ్ అని నేను పొగడను. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య ప్రేమని చూపించకూడదని రాసిపెట్టింది కూడా ఆ కోడే.

కరోల్ అసలు పేరు జేన్ ఆలిస్ పీటర్స్. 1908 అక్టోబర్ 6న ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి ఆమెని, ఇద్దరు అన్నల్ని వెంటబెట్టుకుని లాస్ ఏంజిలిస్ చేరింది. పన్నెండేళ్లప్పుడు మొదటిసారి తెర మీద కనిపించింది. ఇరవై నిండకముందే కారు ప్రమాదంలో ముఖం కోసుకుపోయింది. హీరోయిన్‌కి ముఖం మీద మచ్చ అంటే కథ ఖతమ్. చేతిలో ఉన్న స్టూడియో కాంట్రాక్టు పోయింది. అప్పుడామె మ్యాక్ సెనెట్ దగ్గర చేరింది. తన్నులు, పడటాలు, ముఖాన కేకులతో పొట్టి కామెడీలు తీసే కంపెనీ ఆయనది. అందం మీద ఆధారపడలేని రోజుల్లో ఆమె పడటం నేర్చుకుంది, పడ్డాక లేవడం నేర్చుకుంది, కెమెరా ముందు మచ్చని ఏ వెలుతురు దాస్తుందో నేర్చుకుంది. తర్వాత వచ్చిన పేరుకి పునాది అక్కడే పడింది.

1934లో హోవార్డ్ హాక్స్ తీసిన ట్వంటియెత్ సెంచరీలో ఆమె పక్కన జాన్ బారీమోర్. అప్పటికాయన రంగస్థలం మీద, తెర మీద పెద్ద ఉస్తాద్. మొదట్లో ఆమె బిగుసుకుపోయి, నటిస్తున్నట్టు నటించిందట. హాక్స్ ఆమెని పక్కకి పిలిచి, నిజంగా నీతో ఒక మగాడు ఇలా మాట్లాడితే ఏం చేస్తావని అడిగాడట. తంతాను అందట. అయితే తన్ను అన్నాడట. ఇది హాక్స్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్న ముచ్చట. అది ఎంతవరకు నిజమో గానీ, రైలు పెట్టెలో ఆమె వెనక్కి వాలి కాళ్లతో ఆయన్ని తన్నబోయే సీన్ మాత్రం సినిమాలో ఉంది, మీరే చూడొచ్చు. అందమైన ఆడమనిషి అందాన్ని పక్కన పడేసి, జుట్టు చెదిరి, గొంతు చించుకుని, అంత ఉస్తాద్‌ని వెనక్కి నెడుతుంది. తెర మీద హుస్న్‌ని చాలామంది చూపించారు. ఆ హుస్న్‌తో మజాక్ ఆడుకునే ధైర్యం కొద్దిమందికే ఉంది.

కరోల్‌ని ఒక్క సినిమాతో పరిచయం చేయమంటే నేను 1936 నాటి మై మ్యాన్ గాడ్‌ఫ్రే పేరు చెబుతాను. న్యూయార్క్‌లో సంపన్నులు ఒక ఆట ఆడుతుంటారు. ఎవరికీ అక్కర్లేని వస్తువుల్ని వెతికి తెచ్చినవాళ్లు గెలిచినట్టు. ఆ జాబితాలో ఒక మేక ఉంటుంది, లోకం మరిచిపోయిన ఒక మనిషి కూడా ఉండాలి. ఐరీన్ అనే డబ్బున్న పిల్ల, ఆమె అక్క చెత్తకుప్పల దగ్గర బతికే గాడ్‌ఫ్రేని పట్టుకెళ్లడానికి వస్తారు. ఐరీన్‌గా కరోల్, గాడ్‌ఫ్రేగా విలియం పావెల్. నిజ జీవితంలో ఇద్దరూ భార్యాభర్తలు, 1933లోనే విడిపోయారు. అయినా ఈ పాత్రకి ఆమే కావాలని పావెలే పట్టుబట్టాడు. విడిపోయాక కూడా ఒకరి హునర్‌ని ఒకరు గౌరవించుకోవడం అంటే అది. మన ఖాందాన్లలో తలాక్ తర్వాత ఎదురెదురు పడితే ఏమవుతుందో మనకి తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆ చెత్తకుప్ప సీన్ నాకు చాలా దగ్గరిది. పేదవాణ్ణి ఆటవస్తువుగా తీసుకెళ్లి, పదిమంది ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించుకునేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. రంజాన్‌లో రేషన్ సంచీ చేతిలో పెట్టి ఫొటో తీసేవాళ్లని చూడలేదా? సంచీ తీసుకుంటున్న ముసలమ్మ దుపట్టా ముఖం మీదికి లాక్కుంటుంటే, ఇటు చూడు అమ్మా అనేవాళ్లని చూడలేదా? గాడ్‌ఫ్రే అక్కడ నిలబడి వాళ్లందర్నీ చూసి తన మాట తను చెబుతాడు. ఐరీన్ ఒక్కతే సిగ్గుపడుతుంది. వెర్రిబాగుల పిల్లలాగే ఉంటూ, తను చేసింది తప్పని ఆ గుంపులో అందరికంటే ముందు గ్రహిస్తుంది. ఆ క్షణంలో కరోల్ కామెడీ ఆపదు, కన్నీళ్లు తెప్పించదు. కళ్లు కొంచెం పెద్దవవుతాయి, మాట కొంచెం తగ్గుతుంది, అంతే. ఆ ఏడాది ఆస్కార్‌లో నాలుగు నటనా విభాగాల్లోనూ నామినేషన్ పొందిన మొదటి సినిమా ఇది. ఆరు నామినేషన్లలో ఒక్కటీ గెలవలేదు. నవ్వించేవాళ్లకి ఇనామ్ ఇవ్వడంలో లోకం ఎప్పుడూ కంజూసే.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదుకి వస్తాను. కరోల్ గురించి అడిగితే చాలామంది చెప్పేవి రెండే. ఒకటి, క్లార్క్ గేబుల్ భార్య. రెండు, విమాన ప్రమాదంలో పోయింది. ఆమె ముప్పై మూడేళ్లు బతికింది, మనం గుర్తుపెట్టుకున్నది ఆఖరి గంటని.

ఈ సంగతిలో ఒక ఎగతాళి దాగుంది. 1937లో ఆమె నథింగ్ సేక్రెడ్ అనే రంగుల సినిమా చేసింది. రాసింది బెన్ హెక్ట్, షికాగోలో పత్రికా విలేఖరిగా పనిచేసినవాడు. హేజెల్ ఫ్లాగ్ అనే చిన్నూరి అమ్మాయి రేడియం విషం వల్ల చనిపోబోతోందని న్యూయార్క్ పత్రిక ఒకటి ఆమెని తీసుకొచ్చి ఊరేగిస్తుంది. నిజానికి ఆమెకి ఏ జబ్బూ లేదు, డాక్టర్ పొరపాటు పడ్డాడు. ఆమెకా సంగతి తెలుసు, కానీ ఊరు దాటి బయటపడే మౌకా పోగొట్టుకోవడం ఇష్టం లేదు. ఊరంతా ఆమె కోసం కన్నీళ్లు పెడుతుంది, పత్రిక అమ్మకాలు పెరుగుతాయి. చావబోయే అందమైన అమ్మాయి అంటే పత్రికలకి పండగ అని ఆ సినిమా మొహం మీదే చెబుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పేషాలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ సినిమా చూస్తే నాకు నవ్వూ వస్తుంది, చెంపకి చురుకూ తగులుతుంది. ఐదేళ్ల తర్వాత అదే పత్రికలు నిజంగా చనిపోయిన కరోల్‌ని అలాగే ఊరేగించాయి.

ఖద్రదాన్‌కి లోపాలు కూడా కనపడాలి. ఆ సినిమా మొదట్లోనే తూర్పు దేశపు సుల్తాన్ వేషంలో ఒక నల్లజాతి మనిషి కనిపిస్తాడు. నిజానికి అతను బూట్లు పాలిష్ చేసుకునేవాడు. పిల్లల్ని వెంటబెట్టుకుని భార్య వచ్చి గుర్తుపట్టడంతో బండారం బయటపడుతుంది. తలపాగా, సుల్తాన్ అనే పేరు, నల్లరంగు, మూడింటినీ కలిపి నవ్వులాట చేశారు. అక్కడ నేను నవ్వను. మా పిల్లలకి ఆ సీన్ ఆపి చెబుతాను కూడా. కరోల్ నోరు కూడా మంచిది కాదు, సెట్‌లో బూతులు ధారాళంగా మాట్లాడేదని ఆమెతో పనిచేసినవాళ్లే చెప్పారు. ఆమెని మన బేటీలకి నమూనాగా నిలబెట్టాలని నేననడం లేదు. ఆమె పనికి ఇవ్వాల్సిన ఇజ్జత్ ఇవ్వమంటున్నాను.

విమానం సంగతి సూటిగా చెప్పుకుందాం. 1941 డిసెంబర్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. కరోల్ తన సొంత రాష్ట్రం వెళ్లి, 1942 జనవరి 15న ఇండియానాపోలిస్‌లో ఒక్కరోజులో 20 లక్షల డాలర్లకు పైగా యుద్ధ బాండ్లు అమ్మింది. మర్నాడు తల్లితో కలిసి టీడబ్ల్యూఏ విమానంలో ఇంటికి బయలుదేరింది. దారిలో ఆల్బుకర్కీలో సైనికులకు చోటివ్వడానికి కొందరు ప్రయాణికుల్ని దించేశారు. పేరున్న వయొలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెటీ అలా దిగిపోయి బతికాడు. కరోల్ దిగలేదు. లాస్ వెగాస్‌లో ఇంధనం నింపుకుని లేచిన విమానం ఆ రాత్రి పొటోసీ కొండని ఢీకొంది. దారి తప్పిందని, యుద్ధభయంతో దారిదీపాలు చాలావరకు ఆర్పేయడం కూడా ఒక కారణమని తర్వాత ప్రభుత్వ విచారణలో తేలింది.

ఆ విమానంలో ఉన్నది 22 మంది. అందులో 15 మంది సైన్యం మనుషులు, వైమానిక దళానికి చెందినవాళ్లు. ముగ్గురు సిబ్బంది. కరోల్ తల్లి, స్టూడియో తరఫున తోడొచ్చిన ప్రచారకర్త, మరో ప్రయాణికురాలు. కరోల్. రైల్లో వెళ్దామా విమానంలో వెళ్దామా అని నాణెం ఎగరేశారని, తల్లికి ముందే భయం పట్టుకుందని కథలు చెబుతూనే ఉంటారు. ఆ కథలన్నింటిలోనూ ఆ 15 మంది ఎక్కడా కనపడరు. వాళ్లకీ అమ్మలున్నారు. మనకి జనాజా నమాజ్‌లో బడా ఆద్మీకి ఒక సఫ్, గరీబ్‌కి ఒక సఫ్ ఉండవు. స్టార్‌ని ప్రేమించే పేరుతో మిగతా 21 మందిని మరిచిపోతే అది మొహబ్బత్ కాదు, పరస్తిష్.

ఇది ఒక్క కరోల్‌కి జరిగింది కాదు. మధుబాల గురించి ఎవర్నైనా అడగండి. గుండెలో రంధ్రం, 36 ఏళ్లకే చావు, ఇవే చెబుతారు. మిస్టర్ అండ్ మిసెస్ 55లో, చల్తీ కా నామ్ గాడీలో ఆమె నవ్వించిన తీరు గురించి ఎందరు మాట్లాడతారు? మన సావిత్రి గురించి అడగండి. తాగుడు, అప్పులు, కోమా. మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడిచిన మగ నడక, ఎస్వీ రంగారావు ఠీవినంతా తన ఒంట్లోకి దించుకుని లక్ష్మణకుమారుణ్ణి హడలెత్తించిన తీరు, ఆ స్థాయి కామెడీ ఎంతమంది చేయగలరు? మిస్సమ్మలో ఆ చిరాకు ముఖంతో ఎంత నవ్వించింది? ఆడమనిషి ఏడిస్తేనే గొప్ప నటి అని మనం ఒప్పుకుంటాం. నవ్విస్తే సరదా పిల్ల అని పక్కన పెడతాం. సరదా పిల్ల చనిపోయాక ఆ చావు పట్టుకుని మర్సియా మొదలుపెడతాం.

నవ్వు చిన్న పనా? కరోల్ ఆఖరి సినిమా టు బీ ఆర్ నాట్ టు బీ. 1942లో, ఆమె పోయాక విడుదలైంది. నాజీలు ఆక్రమించిన వార్సాలో ఒక నాటకాల కంపెనీ హిట్లర్ మనుషుల్ని బురిడీ కొట్టించే కథ. తీసినవాడు ఎర్నెస్ట్ లూబిష్, బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. ఆమె పక్కన నటించిన జాక్ బెన్నీ కూడా యూదుల ఇంటివాడే. కొడుకుని నాజీ యూనిఫాంలో చూసి బెన్నీ తండ్రి హాల్లోంచి లేచి వెళ్లిపోయాడని, విషయం అర్థమయ్యాక మళ్లీ మళ్లీ చూశాడని చెబుతారు. అంత జుల్మ్ జరుగుతుంటే నవ్వులాటా అని అప్పటి విమర్శకుల్లో కొందరు మండిపడ్డారు. నేను ఒప్పుకోను. జాలిమ్‌కి మన కన్నీళ్లు కొత్త కాదు, వాటికి అలవాటుపడి ఉంటాడు. తనని చూసి జనం నవ్వితే మాత్రం తట్టుకోలేడు. ఆ సినిమాలో చిన్న వేషాలేసే ఒక యూదు నటుడు ఎప్పటికైనా షైలాక్ మాటలు చెప్పాలని కలగంటూ ఉంటాడు. ఆఖరికి అతనికి ఆ మౌకా వచ్చేది నాజీ సైనికుల ముందు. అతను మాట్లాడేటప్పుడు అప్పటిదాకా నవ్విన మనం నిశ్శబ్దమైపోతాం. తక్కువమందిగా బతికే ఎవరికైనా ఆ సీన్ అర్థమవుతుంది, దానికి తర్జుమా అక్కర్లేదు.

ఆమె మజాక్ తెర దగ్గర ఆగేది కాదు. నటులు పశువుల్లాంటివాళ్లని హిచ్‌కాక్ అన్నట్టు పేరుంది. 1941 నాటి మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్‌లో ఆయన దర్శకత్వంలో పనిచేయడానికి వచ్చిన కరోల్, సెట్‌లో చిన్న దొడ్డి కట్టించి, మూడు లేగదూడల్ని నిలబెట్టి, వాటి మెడల్లో ముగ్గురు ముఖ్య నటుల పేర్లు కట్టించింది. పెద్దమనిషికి ఎదురు చెప్పడానికి గొంతు పెంచక్కర్లేదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మా ఇంట్లో గాడ్‌ఫ్రే పెట్టినప్పుడు మా అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. "బేటీ, ధీరే. అమ్మాయిల నవ్వు గడప దాటకూడదు" అంటుంది అమ్మీ. అమ్మీ కాలం వేరు, ఆమెకి వాళ్ల అమ్మీ అదే చెప్పింది. ఆ మాటకి ఎదురు చెప్పను. "అమ్మీ, హస్నే దో" అని మాత్రం అంటాను. అదబ్ అంటే నవ్వు మానేయడం కాదు, ఎవర్ని చూసి నవ్వకూడదో తెలియడం. గరీబ్‌ని చూసి, బలహీనుణ్ణి చూసి నవ్వకూడదు. గర్వాన్ని చూసి, డాంబికాన్ని చూసి, జాలిమ్‌ని చూసి నవ్వొచ్చు. ఆ తేడా సుల్తాన్ సీన్ దగ్గర ఒకలా, చెత్తకుప్ప సీన్ దగ్గర ఇంకోలా మా అమ్మాయికి నేర్పగలిగాను. ఉపదేశంతో అయితే ఇంత తొందరగా అయ్యేది కాదు.

ఏటా జనవరి 16 వస్తే కరోల్ చావు గురించి రాతలు వస్తాయి. ఆ రోజు నేను ఆ 22 మందినీ తలుచుకుంటాను, అంతకుమించి ఏమీ చేయను. ఆమె సినిమా పెట్టేది అక్టోబర్ 6న. మీరూ ఒకసారి చూడండి. మై మ్యాన్ గాడ్‌ఫ్రే ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, గంటన్నర సినిమా. ఇషా అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేసి అందరూ కూర్చోండి. మాటలు వేగంగా ఉంటాయి, మొదటి పది నిమిషాలు తికమకగా ఉంటుంది, ఆగకండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. ఆడపిల్లలు గట్టిగా నవ్వితే ఇంకొంచెం సౌండ్ పెంచండి.